చలిలో నిలబడి తీర్పు చెప్పండి

మా సంఘంలో పెళ్లి కుదిరితే మూడు ఆదివారాలు ప్రకటన చదువుతారు. ఫలానా ఆయన, ఫలానా ఆమె పెళ్లి చేసుకోబోతున్నారు, ఎవరికైనా అభ్యంతరం ఉంటే చెప్పండి అని పాస్టర్ అయ్యగారు పుస్తకం చూసి చదువుతారు. ఎవరూ లేవరు. నాకు యాభై నాలుగేళ్లు వచ్చాయి, నా పెళ్లి ప్రకటన దాకా ఒక్కరు లేచింది చూడలేదు. ఆ కాసేపూ జనం తర్వాత పాడే కీర్తన ఏ పేజీలో ఉందో వెతుక్కుంటారు.

నా పేరు, మహిమ పేరు కలిపి రెండు ఆదివారాలు చదివారు. మూడో ఆదివారం తాను లేచి నిలబడతానని సంఘ పెద్ద డేవిడన్న ఊరంతా చెప్పుకొచ్చాడు. నాకైతే నేరుగానే చెప్పాడు, బూర్గంపాడు సంతలో, ఉల్లిగడ్డల బస్తా పక్కన.

"తమ్మీ స్తెఫనూ, నీ మంచికే చెప్తున్న. ఆమె మందిరంల పెండ్లికూతురై నిలబడుడు నా కండ్ల ముందట కానియ్య."

"ఏమని రాయిస్తవన్నా పుస్తకంల?"

"క్యాంపు అని ఒక్క మాట రాస్తే సాలు. మిగిలింది ఊరందరికి తెల్సు."

పుస్తకంలో అభ్యంతరం ఒకసారి రాశారంటే, కమిటీ విచారణ అయ్యేదాకా పెళ్లి ఆగిపోతుంది. ఈ సంగతి చెబుదామని మహిమ టిఫిన్ బండి దగ్గరకు వెళ్లాను. దోశె తిప్పుతూ తల ఎత్తకుండానే విన్నది.

"కమిటీ ముందట నేను నిలబడ. ఆపితే ఆపనియ్. నాకు దోశెలున్నయ్."

పెళ్లి మాట అనుకోక ముందు ఆమె నన్ను 'బ్రదర్' అనేది. ఇప్పుడు అట్లా అనడానికి లేదు, ఇంకో పిలుపు దొరకలేదు. అందుకని నాతో మాట్లాడాల్సినప్పుడల్లా 'ఇగో' అంటుంది.

"ఇగో, నీకు భయమైతుందా?"

"లేదు."

"మరి చెయ్యి చట్నీల ఎందుకు పెట్టినవ్?"

చూసుకుంటే నిజమే, నాలుగు వేళ్లు చట్నీ గిన్నెలో ఉన్నాయి.

క్యాంపు సంగతి చెప్పాలి. ఇరవై ఏళ్ల కింద మా ఊరి బడి పక్కన పోలీసు క్యాంపు పడింది. మాది అడవి అంచు పల్లె. ఇసుక బస్తాలు, ముళ్లకంచె, తుపాకులు. వాళ్లతో మాట్లాడితే అడవిలో వాళ్లకు కోపం, మాట్లాడకపోతే వీళ్లకు అనుమానం. పదకొండేళ్లు అట్లాగే బతికాం. అప్పటికే భర్త చనిపోయిన మహిమ ఆ క్యాంపులో వంటకు కుదిరింది. వానలకు వాగులు పొంగి రేషను రాని నెలల్లో క్యాంపు బియ్యం, కిరసనాయిలు, జ్వరం మాత్రలు ఆమె సంచిలోనే ఊళ్లోకి వచ్చేవి. తినని ఇల్లు లేదు. డేవిడన్న భార్య సంపూర్ణకు కాన్పు కష్టమైతే, క్యాంపు జీపును బతిమాలి భద్రాచలం దవాఖానాకు తీసుకుపోయింది కూడా మహిమే.

క్యాంపు ఎత్తేశారు. ఊరు ఆమెకు 'క్యాంపామె' అని పేరు పెట్టింది. ప్రభువు బల్ల రోజున అందరికీ పంచే రొట్టె పళ్లెం ఆమె వరస దాకా వచ్చి, ఎందుకో పక్క వరసకు తిరిగిపోయేది. పళ్లెం పట్టుకునేది డేవిడన్న.

ఇంక నా సంగతి. మణుగూరు వైపు ఓపెన్‌కాస్టు బొగ్గు గనిలో పంపు ఆపరేటర్‌ని. చదివింది ఏడో తరగతి. భార్య పోయి ఆరేళ్లు. ఇంగ్లీషు ప్రసంగీకులు వస్తే పక్కన నిలబడి తెలుగు చేసేది ఇరవై రెండేళ్లుగా నేనే. దానికో పద్ధతి ఉంది. ఆయన 'నేను' అంటే మనమూ 'నేను' అనాలి. ఆయన చెయ్యెత్తితే ఎత్తాలి, గొంతు పెంచితే పెంచాలి, ఏడిస్తే ఏడవాలి. ఒకసారి కేరళ ఆయన "నాకు మూడు ఆపరేషన్లయ్యాయి" అంటే నేనూ అదే గొంతుతో చెప్పాను. మర్నాడు మా పిన్ని బత్తాయిలు పట్టుకొని నన్ను చూడటానికి వచ్చింది.

ఈ పద్ధతిలో వినేవాళ్లకూ ఒక పని ఉంది. మాట గట్టిగా పడ్డప్పుడు 'ఆమేన్' అనాలి. మా సంఘంలో మొదటి ఆమేన్ ఎప్పుడూ డేవిడన్నదే. ముందు వరసలో కూర్చుంటాడు. కళ్లు మూసుకున్నా, కునుకు తీస్తున్నా, నా గొంతు లేచిందంటే ఆయన ఆమేన్ కూడా లేస్తుంది.

మూడో ప్రకటనకు ముందు రోజు, శనివారం మధ్యాహ్నం సంఘం హాల్లో సభ పెట్టారు. హైదరాబాదు నుంచి ఇంగ్లీషు ప్రసంగీకుడు రావాలి. ఆయన భద్రాచలం దాకా వచ్చాడు. గోదావరి రెండో ప్రమాద హెచ్చరిక దాటింది, బస్సులు ఆపేశారు. ఆయన అవతల లాడ్జిలో, జనం ఇవతల హాల్లో. బయట వాన. వచ్చినవాళ్లు వెనక్కు పోలేరు. నూటయాభై మంది ప్లాస్టిక్ కుర్చీల్లో కూర్చొని పాస్టర్ జస్టిన్ అయ్యగారి మొహం చూస్తున్నారు.

పాటలు తెర మీద వెయ్యడానికి హైస్కూలు టీచరమ్మ మధులత ప్రొజెక్టరు, లాప్‌టాప్ తెచ్చి ఉంది. ఆమె మా సంఘం మనిషి కాదు, అడిగితే కాదనని మనిషి. ఆమె లాప్‌టాప్‌లో ఒక సినిమా ఉందని నాకు తెలుసు. ఇంగ్లీషు బాగుపడుతుందని అంతకుముందు వాళ్లింట్లో నాకు నాలుగుసార్లు చూపించింది. అర్థం కాని మాటలన్నీ నోట్‌బుక్కులో రాసుకున్నాను. ఆ నోట్‌బుక్కు నా సంచిలోనే ఉంది. ఎందుకుంది అని అడగకండి.

"అయ్యగారూ, ఒక సినిమా ఉంది. యుద్ధం అయిపోయిన పట్నం. ఆకలి, చలి, ఒక స్త్రీ సాక్ష్యం. నేను మైకుల తెలుగు చేస్త" అన్నాను.

"సాక్ష్యమైతే మంచిదే. పిల్లలు చూడొచ్చునా?"

"ముద్దులు రెండున్నయ్. అప్పుడు లైటు వేస్త."

టీచరమ్మ నా వైపు చూసింది. "స్తెఫను గారూ, ఆ సినిమానేనా?" అంది మెల్లగా.

"ఆ సినిమానే మేడం."

ఆమె లాప్‌టాప్ నుంచి ప్రొజెక్టరుకు తీగ పెట్టింది.

నలుపు తెలుపు బొమ్మ. బాంబులు పడి సగం కూలిన పట్నం. గెలిచిన సైన్యం ఊరిని పట్టుకొని కూర్చుంది. ఎముకలు కొరికే చలి, బొగ్గుకు చీటీలు. ఆ చీటీలిచ్చే పరాయి సైనికుడు తెల్లగా, లావుగా, ఎప్పుడూ ఏదో నములుతూ ఉంటాడు. ఒకామె వాడిని ప్రేమిస్తున్నట్టు ఉంటుంది. వాడిని ప్రేమిస్తోందో బొగ్గును ప్రేమిస్తోందో సినిమా చెప్పదు, ఆమె కూడా చెప్పదు. "నీ కళ్లు ఎంత నల్లగా ఉన్నాయి" అంటుంది. చూసేది సైనికుడు మోసుకొచ్చిన బస్తా వైపు.

ఇది నేను చెప్పగానే మా గని వాళ్ల వరస నుంచి ఒకాయన అరిచాడు. "ఏం బొగ్గమ్మా అది, అంత పొగ! మన దగ్గరైతే ఎవడూ కొనడు!"

హాలంతా నవ్వింది. అక్కడి నుంచి సినిమా మాదైపోయింది.

చనిపోయాడనుకున్న ఆమె మొగుడు ఖైదు నుంచి తిరిగి వస్తాడు. సైనికుడికి ఏం చెప్పాలి? అన్న అని చెబుతుంది. మొగుడు ఆ మాట విని కోపంగా లేస్తాడు, బల్ల మీద సైనికుడు తెచ్చిన రొట్టె, మాంసం చూసి మళ్లీ కూర్చుంటాడు. "అవును, నేను అన్ననే" అంటాడు, నోటి నిండా పెట్టుకొని. నేను కూడా నోటినిండా ఉన్నట్టే చెప్పాను. సంపూర్ణ వదినకు నవ్వి నవ్వి కళ్లలో నీళ్లొచ్చాయి.

"ఏందయ్యా, మనింట్ల ఎవరో యాదికొస్తున్నరు" అంది భర్తతో.

"సప్పుడు చెయ్యకు" అన్నాడు డేవిడన్న. ఆయనా నవ్వుతూనే ఉన్నాడు.

మహిమ ఆఖరి వరస వెనక టీ డ్రమ్ము దగ్గర ఉంది. కప్పులు సర్దుతూ ఒక కంటితో తెర చూస్తోంది. నేను ఆ వైపు చూడకూడదనుకున్నాను, నాలుగైదు సార్లు చూశాను.

సినిమాలో సైన్యం వెళ్లిపోయే రోజు వచ్చింది. ఆ మేడలో ఉన్నవాళ్లంతా కమిటీ కట్టి ఆమెను విచారించాలనుకున్నారు. ఎక్కడ కూర్చోవాలి? మెట్ల మీద మంచు, హాలుకు పైకప్పు లేదు. మేడ మొత్తానికి వెచ్చగా ఉన్నది ఆమె గది ఒక్కటే. అందుకని తీర్పు చెప్పడానికి అందరూ ఆమె గదికే వచ్చారు. ఆమె కుర్చీల్లోనే కూర్చున్నారు. చేతులు ఆమె పొయ్యి మీద కాచుకుంటూ, ఈమె సిగ్గులేని మనిషి అని ఒకరి తర్వాత ఒకరు చెప్పారు. మొగుడు కూడా చెప్పాడు. ఒక ముసలాయన మాట మధ్యలో ఆపి, "అమ్మా, ఇంకో బొగ్గు ముక్క వెయ్యి" అన్నాడు.

ఇక్కడ హాల్లో నవ్వు సగంలో ఆగింది. నేను విన్నాను అది ఆగడం.

ఆమె బొగ్గు వేసింది. చేతులు దులుపుకొని నిలబడింది. నేనూ నిలబడ్డాను. ఆమె చెయ్యి ఎత్తింది, నేనూ ఎత్తాను. ఆమె గొంతు లేచింది. ఇరవై రెండేళ్ల అలవాటు, నా గొంతు సభ గొంతైపోయింది.

"నా గదిలో ఎందుకు కూర్చున్నారు? నా పొయ్యి వెచ్చగా ఉంది కనుక కూర్చున్నారు! ఈ బొగ్గు ఎక్కడిదని తెచ్చిన రోజు ఒక్కరు అడిగారా? మీ బిడ్డలు చలికి చావకుండా బతికింది ఏ మంటతో? ఈ మంటతో! నాకు తీర్పు చెబుతారా? చెప్పండి! కానీ బయటికి వెళ్లండి! చలిలో నిలబడండి! చలిలో నిలబడి తీర్పు చెప్పండి!"

"ఆమేన్!"

ముందు వరస. డేవిడన్న. కళ్లు మూసుకొని, చెయ్యి ఎత్తి, కడుపులో నుంచి వచ్చిన ఆమేన్. ఆయన వెనక నూటయాభై మంది, "ఆమేన్! స్తోత్రం!" రేకుల మీద వాన చప్పుడు కూడా వినపడలేదు.

డేవిడన్న కళ్లు తెరిచాడు. తెర మీద ఆమె ఇంకా నిలబడే ఉంది. ఆయన తెర చూశాడు, నన్ను చూశాడు, చివరికి మెడ తిప్పి టీ డ్రమ్ము వైపు చూశాడు. ఎత్తిన చెయ్యి మెల్లగా దించుకున్నాడు.

నేను ఒక్క మాట కలపలేదని మీకు చెప్పాలి. అయితే చివరి మాట ఆమె ఒక్కసారే అంది, నేను రెండుసార్లు అన్నాను.

తర్వాత సినిమాలో కమిటీ తీర్పు ఇచ్చింది. ఆమె గది ఖాళీ చెయ్యాలి, పొయ్యి మాత్రం వదిలిపెట్టాలి. ఆమె సరే అంది. పొయ్యికున్న ఇనుప తలుపు ఊడదీసి చంకలో పెట్టుకొని మెట్లు దిగింది. గది నిండా పొగ. సైనికుడు, మొగుడు ఇద్దరూ ఒకే పెట్టె పట్టుకొని కొట్లాడుకుంటూ ఆమె వెనక పరిగెత్తారు. ఆమె ట్రామెక్కి వెళ్లిపోయింది. అయిపోయింది.

డేవిడన్న టీ తాగకుండా వానలోకి నడిచాడు. సంపూర్ణ వదిన గుమ్మంలో నిలబడి అందరూ వినేటట్టు అరిచింది.

"ఏందయ్యా, చలిల నిలబడి తీర్పు చెప్పనీకి పోతున్నవా?"

నేను గెలిచాననుకున్నాను. టీ డ్రమ్ము దగ్గరకు ఛాతీ విరుచుకొని వెళ్లాను. మహిమ కప్పులు డబ్బాలో పడేస్తోంది, ఒక్కొక్కటీ చప్పుడయ్యేటట్టు.

"ఇగో, ఆ సినిమా నువ్వు ముందే చూసినవా?"

"నాలుగుసార్లు."

"నన్నడిగినవా?"

నేను ఒక కప్పు తీసి డబ్బాలో వేశాను, చప్పుడు కాకుండా.

"నా దిక్కు మాట్లాడనీకి నాకు నోరు లేదా? ఎవరో తెల్లామె కావాల్నా? ఆమె నోట్ల నీ నోరు, నీ నోట్ల నా బతుకు! వాళ్లు ఆమేన్ అన్నది ఎవరికి? నాకా? బొమ్మకు అన్నరు."

"డేవిడన్న ఇంక లేవడు మహిమా. ఎట్ల లేస్తడు?"

"సిగ్గుపడి కూసుంటడు. ఆయన సిగ్గుపడితే అయ్యే పెండ్లి నాకెందుకు?" డ్రమ్ము మూత గట్టిగా పెట్టింది. "రేపు నేనొస్త. ఏమైతదో సూడు."

పెళ్లి డేవిడన్న ఆపుతాడని వారం రోజులు భయపడ్డాను. ఆమే ఆపుతుందేమో అన్న భయం అప్పుడు మొదలైంది.

ఆదివారం వాన తగ్గింది. మందిరం నిండా తడి గొడుగుల వాసన. అయ్యగారు పుస్తకం తెరిచి మూడో ప్రకటన చదివారు. నా పేరు, ఆమె పేరు. "ఎవరికైనా అభ్యంతరం ఉన్న యెడల ఇప్పుడే తెలియజేయవలెను." ఆ రోజు కీర్తనల పుస్తకంలో పేజీ వెతికినవాళ్లు లేరు.

డేవిడన్న రెండు చేతులూ మోకాళ్ల మీద ఆనించాడు. మొండి మనిషి. సిగ్గుపడ్డాడేమో గానీ ఊరంతా చెప్పిన మాట వెనక్కు తీసుకోలేడు. ఆయనకు మోకాళ్ల నొప్పులు, లేవడానికి టైము పడుతుంది. సగం లేచేసరికి ఆడవాళ్ల వైపు నుంచి గొంతు వచ్చింది.

"నాకుంది అయ్యగారూ."

మహిమ నిలబడి ఉంది.

"నీకా?" అన్నారు అయ్యగారు. "నీ పెండ్లికి నీకే అభ్యంతరమా అమ్మా?"

"అవ్. నిన్న సినిమాల ఒకామె మాట్లాడితే అందరు ఆమేన్ అన్నరు. ఆ ఆమేన్ నాకొద్దు. నా ముచ్చట నేనే చెప్త, విన్నంక అనేటోళ్లు అనుండ్రి. పదకొండేండ్లు క్యాంపుల వండిన. అవ్. హవల్దారు ఒకాయనుండె, ఒడిశాయన. నేను అడగక ముందే సంచిల బియ్యం పోసేటోడు. ఆయనంటే నాకు ఇష్టముండె. నన్నెవ్వరు బలిమి చెయ్యలే, ఎవ్వరు మోసం చెయ్యలే. బదిలీ అయిపోయిండు, ఏడ్చిన, అయిపోయింది. అందుల తప్పెంతనో నేను దేవునితోటి మాట్లాడుకుంట. మీతోటి మాట్లాడేది ఒక్కటే ఉంది. ఆ బియ్యం తిన్నోళ్లు చెయ్యెత్తుండ్రి."

చేతులెత్తమనడం మా మందిరంలో వారం వారం ఉండేదే. దానికో అలవాటు ఉంది కదా. అయ్యగారు తెలియకుండానే అనేశారు.

"అందరూ కళ్లు మూసుకోండి…"

"వద్దయ్యగారూ. కండ్లు తెర్సుకునే ఎత్తాలె."

 మొదటి చెయ్యి సంపూర్ణ వదినది.

"మహిమా, జీపు గుడ ఇందులకే వస్తదా?"

"జీపు గుడ."

వదిన రెండో చెయ్యి కూడా ఎత్తింది. ఆ తర్వాత ఆడవాళ్ల వైపు ఒక్కో వరసలో చేతులు లేచాయి. మగవాళ్ల వైపు గని వాళ్లు ఎత్తారు. కొందరు చుట్టూ చూసి ఎత్తారు. అయ్యగారు అప్పట్లో మా ఊరికి కొత్త, అయినా పుస్తకం బల్ల మీద పెట్టి ఆయనా ఎత్తారు. జ్వరం మాత్ర గుర్తొచ్చిందట, తర్వాత చెప్పారు.

డేవిడన్న సగం లేచి అట్లాగే ఉన్నాడు. కుడి చెయ్యి చెవి గోక్కోవడానికన్నట్టు పైకి వెళ్లింది, చెవి దగ్గరే ఆగింది. అది ఎత్తినట్టా కాదా అని ఇప్పటికీ ఊళ్లో వాదన ఉంది. నేనైతే ఎత్తినట్టే అంటాను.

"స్తెఫనూ," అన్నారు అయ్యగారు, "విన్నవు కదా. నీ మాటేంది?"

హవల్దారు సంగతి ఊళ్లో గుసగుసగా విన్నదే. ఆమె నోటి నుంచి, 'ఇష్టముండె' అన్న మాటతో వినడం వేరు. ఎక్కడో గుచ్చుకున్న మాట నిజం, దాచను. అందరూ చూస్తున్నారు. అలవాటుగా మైకు అందుకున్నాను. ఇరవై రెండేళ్లు ఎవరో ఒకరు ముందు చెబితే వెనక చెప్పినవాణ్ని. ఈసారి ముందు చెప్పేవాళ్లు లేరు.

"ఇగో," అంది మహిమ అక్కడి నుంచే, "మైకు కింద పెట్టి చెప్పు."

పెట్టాను. గొంతు నా చెవికే కొత్తగా వినిపించింది.

"ఆ బియ్యం నేను గుడ తిన్న. ఆమె చెప్పింది విన్న. అన్ని తెల్సుకునే చేసుకుంటున్న. నాకు ఇష్టమే."

అప్పుడు ఆమేన్ ఎవరూ అనలేదు. ఆ మాట గట్టిగా లేదు మరి, వెనక వరసలకు వినపడి కూడా ఉండదు. మహిమకు వినపడింది. ఆమె కొంగు సర్దుకొని కూర్చుంది.

"నీ అభ్యంతరం అట్లనే ఉందా అమ్మా? రాయాల్నా?" అన్నారు అయ్యగారు, పెన్ను పట్టుకొని.

"తీరిపోయిందయ్యగారూ."

అయ్యగారు పుస్తకంలో 'మూడో ప్రకటన అయినది' అని రాసి మూసేశారు.

ఆరాధన అయ్యాక చెప్పుల దగ్గర డేవిడన్న ఎదురుపడ్డాడు. నా వైపు చూడలేదు. మహిమ వైపు కూడా చూడలేదు, ఆమె పక్కన గోడను చూస్తూ అడిగాడు.

"పెండ్లికి వంటెవరు?"

"నేనే," అంది మహిమ. "తింటవా అన్నా?"

డేవిడన్న కాలితో చెప్పు వెతుక్కున్నాడు.

"ఉప్పు తక్కువెయ్యి. నాకు బీపీ."

"నా పెండ్లిల ఉప్పు నా ఇష్టం," అని మహిమ చెప్పులేసుకుంది.